పోకెమాన్ పిన్‌బాల్ కార్ట్రిడ్జ్‌లో ట్రిపుల్-ఏ బ్యాటరీ దేనికి? తీసేస్తే సేవ్ పోతుందా?

పోదు, ఆ బ్యాటరీ వైబ్రేషన్ కోసమే. 1999లో ఈ గేమ్ వచ్చేనాటికి నింటెండో చేతి గేమ్ పరికరం గేమ్‌బాయ్‌లో వైబ్రేషన్ మోటార్ లేదు. అందుకే మోటారునూ దాని బ్యాటరీనీ అందులో దూర్చే గేమ్ కార్ట్రిడ్జ్‌లోనే పెట్టారు; అది అంత లావుగా ఉండడానికి కారణం కూడా ఇదే. బంతి బంపర్‌కి తగిలినప్పుడు చేతిలో అదిరేది ఆ మోటారే. బ్యాటరీ లేకపోతే అదురు ఉండదు, ఆట మామూలుగానే నడుస్తుంది.

పట్టుకున్న పోకెమాన్లు, హై స్కోర్లు చెరిగిపోతాయని చాలామందికి టెన్షన్. వాటిని నిలిపేది లోపల బోర్డుకి సోల్డర్ చేసిన వేరే బిళ్ల బ్యాటరీ. సేవ్ పోయిందంటే అనుమానించాల్సింది దాన్నే. ఆడనప్పుడు ట్రిపుల్-ఏ తీసి ఉంచడమే మేలు, కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి.