గోడ అడుగు ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: నల్లగొండలో ఉదయ సముద్రం దిగువన, పానగల్ వైపు మాకు స్థలం ఉంది. రెండు సెల్లార్ల కోసం 6 మీటర్లు తవ్వాలి. వానలు తగ్గాక కూడా 2 మీటర్లకే నీరు పడుతోంది. పక్కనే పాత ఇల్లు ఉంది. సాయిల్ మిక్స్ గోడ వేస్తే మట్టినీ నీటినీ రెండింటినీ ఆపుతుందని గుత్తేదారు అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: పద్ధతిని నమ్మవచ్చు. మీ స్థలానికి అది సరిపోతుందా అన్నది మాత్రం గట్టి రాయి ఎంత లోతున ఉందో తెలిశాకే చెప్పగలను.

ఈ పద్ధతిలో యంత్రం నేలలోకి దిగుతూ అక్కడి మట్టినే సిమెంటు పాలతో కలిపేస్తుంది. ఆ ముద్ద పచ్చిగా ఉండగానే ఇనుప ఐ బీములను నిలువుగా దించుతారు. మట్టి, నీరు నెట్టినప్పుడు గోడకు వచ్చే వంపును మోసేవి ఆ బీములే. వాటి మధ్యనున్న మిశ్రమం లోపల కమానులా పనిచేసి ఒత్తిడిని బీముల మీదికి చేరుస్తుంది, నీటికీ అడ్డుపడుతుంది. మిశ్రమం కూడా వంపును మోస్తుందని డిజైన్‌లో రాస్తే ఒప్పుకోకండి. ఒకసారి పగిలాక దానికి లాగుడును తట్టుకునే శక్తి ఉండదు.

మీ అంకెలతోనే లెక్క చూద్దాం. నీరు 2 మీటర్ల దగ్గర ఉంటే, గుంత అడుగు దగ్గర గోడ వెనుక 4 మీటర్ల నీరు నిలుస్తుంది. అక్కడ నీటి ఒత్తిడి చదరపు మీటరుకు 4 టన్నులు. మామూలు ఇసుక మొరమైతే అదే చోట మట్టి ఒత్తిడి దాదాపు 2.4 టన్నులు. మన వైపు అందరూ మట్టి కూలడం గురించే భయపడతారు, కానీ అడుగున గోడను ఎక్కువగా నెట్టేది నీరే. పక్కింటి బరువు దీనికి అదనం. అందుకే స్ట్రట్లు (గోడలు లోపలికి వాలకుండా గుంతలో అడ్డంగా పెట్టే ఆనుదూలాలు) లేకుండా 6 మీటర్లు తవ్వే ఆలోచన వద్దు.

ఇక అసలు విషయం. మన దగ్గర పైన చెల్క, దాని కింద మొరం, ఆ తరువాత శిథిలమైన గ్రానైటు, చివరికి గట్టి రాయి ఉంటాయి. పాత మోట బావుల్లో ఊట ఎక్కువగా వచ్చేది మొరం అయిపోయి రాయి మొదలయ్యే చోటే. మట్టిని కలిపే యంత్రం కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. గోడ ఎంత బాగా కుదిరినా దాని అడుగు నుంచి, రాతి పగుళ్లలోంచి నీరు గుంతలోకి వస్తుంది. మీరు మోటారు పెట్టి తోడిన కొద్దీ పక్కింటి కింద నీటిమట్టం దిగి, ఆ ఇంటి పునాది కుంగే ప్రమాదం ఉంది. కాబట్టి గోడ అడుగున రాతి పగుళ్లలోకి సిమెంటు పాలు ఎక్కించే పనిని కూడా ఒప్పందంలో రాయించండి.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. గట్టి రాయి 5 మీటర్లకే తగిలితే గోడ మీ గుంత అడుగు కంటే పైనే ఆగిపోతుంది. బీముల కాళ్లకు పట్టు దొరకదు. అప్పుడు ఈ పద్ధతిని వదిలేయండి. మొరంలో పెద్ద గుండ్లు ఉన్నా అంతే. రాతిలోకి తొలిచి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేలా వేసే కాంక్రీటు పైళ్లే మేలు. ఖర్చు పెరిగినా పక్కింట్లో ఉండేది మనుషులే కదా. నాలుగు మూలలా, పక్కింటి గోడ పొడవునా బోర్లు వేసి, రాతిలోకి కనీసం 3 మీటర్లు దిగి చూడకుండా ఏ డిజైన్ మీదా సంతకం చేయకండి.

రాయి లోతుగానే ఉందనుకుందాం. ఘనపు మీటరు మట్టికి సాధారణంగా 200 నుంచి 400 కిలోల సిమెంటు పడుతుంది. చెరువు ఒండ్రు ఉన్న చోట సిమెంటు సరిగా గట్టిపడకపోవచ్చు, నల్లరేగడి ఉండలు కలవకుండా మిగిలిపోతాయి. మీ మట్టితో, మీ నీటితోనే ముందు నమూనాలు చేయించండి. గోడ వేశాక దానిలోంచి కోర్లు (తొలిచి తీసే గుండ్రటి ముక్కలు) తీసి 28 రోజుల బలం చూడాలి. లెక్కకు సగటు బలాన్ని తీసుకోకూడదు, తక్కువ వైపు అంకెనే తీసుకోవాలి. ఈ గోడను పక్కపక్కనే పలకలుగా వేస్తారు. ఒక్కో పలక మీటరుకు 1 సెంటీమీటరు వాలినా 8 మీటర్ల లోతున 8 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రెండు పలకలు చెరో వైపు వాలితే 16. పక్క పలకలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునే అతుకు అంతకంటే ఎక్కువ ఉండాలి.

తవ్వాక గోడ ముఖాన్ని మన ఎండలకు వదిలేయకండి, ఎండితే బీటలు వారుతుంది. లోపల వెంటనే శాశ్వత కాంక్రీటు గోడ కట్టించండి.

ప్రశ్న: మా ఊరి చెరువు కట్ట కింద నీరు ఊరుతోంది. కట్ట మధ్యలో ఇలాంటి గోడ వేయవచ్చా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: వేయవచ్చు, కానీ దానికి ఇనుము వద్దు, ఎక్కువ బలమూ వద్దు. రెండు వైపులా మట్టే ఉంటుంది కాబట్టి వంపు సమస్య ఉండదు. కట్ట కుంగినప్పుడు గట్టి గోడ పగిలిపోతుంది. బెంటొనైటు (నీటిలో ఉబ్బే బంకమట్టి) కలిపిన మెత్తని మిశ్రమమైతే కట్టతో పాటు సర్దుకుంటుంది. అది కట్ట అడుగు దాటి, నీరు పోని పొర దాకా దిగాలి. ముందుగా తూము చుట్టూ చూడండి, చాలా కట్టల్లో ఊట మొదలయ్యేది అక్కడే. ఊరే నీరు తేటగా కాక బురదగా వస్తుంటే గోడ సంగతి తరువాత. ఆ రోజే నీటిపారుదల శాఖ ఇంజినీరుకు చెప్పి, చెరువు నీటిమట్టం తగ్గించే ఏర్పాటు చేయించండి.