పెన్‌డ్రైవ్ అంటే బ్రౌజర్‌కి ఎందుకంత భయం?

ప్రశ్న: మా అబ్బాయి మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటర్ బోర్డును క్రోమ్‌లో తెరిచిన పేజీ నుంచే ప్రోగ్రామ్ చేస్తున్నాడు. డ్రైవర్ కూడా వేయలేదు. అది చూసి నేనూ వెబ్‌యూఎస్‌బీతో (వెబ్ పేజీ నేరుగా యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే సదుపాయం) చిన్న పేజీ రాసి పెన్‌డ్రైవ్ చదవబోతే ‘సెక్యూరిటీ ఎర్రర్’ అంటోంది. ఫైర్‌ఫాక్స్‌లోనైతే ఆ సదుపాయమే లేదు. తప్పు నాదేనా?

జవాబు: మీది కాదండీ. క్రోమే కావాలని అడ్డుపడుతోంది.

యూఎస్‌బీ పరికరం ఏదైనా, గుచ్చగానే తనలో ఏయే ఇంటర్‌ఫేస్‌లు, అంటే ఒక్కో పనికి ఒక్కో ద్వారం, ఉన్నాయో కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. ఒక్కోదానికీ ఒక తరగతి నంబరు. పెన్‌డ్రైవ్‌ది 08, కీబోర్డు, మౌస్‌లది 03. వీటిని పేజీ చేతికిస్తే మీ ఫైళ్లూ, మీరు కొట్టే పాస్‌వర్డులూ ఇచ్చేసినట్టే. అందుకే ఇలాంటి కొన్ని తరగతులను వెబ్‌యూఎస్‌బీ ముట్టనివ్వదు.

మరి మైక్రోబిట్? అదో బహురూపి. ఒకే కేబుల్ మీద డ్రైవ్‌గా కనిపిస్తుంది, సీరియల్ పోర్టుగా కనిపిస్తుంది, వీటికి తోడు తయారీదారు సొంతానికి కేటాయించిన ‘ఎఫ్ఎఫ్’ తరగతి ఇంటర్‌ఫేస్ ఒకటి ఉంటుంది. మీ అబ్బాయి పేజీ పట్టుకునేది ఆ చివరిదాన్నే.

‘పట్టుకోవడం’ అని ఊరికే అనలేదు. ఒక ఇంటర్‌ఫేస్ ఒకసారి ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఇది తెలిసీ నేను ఒక సాయంత్రం పాడుచేసుకున్నాను. ఇంటర్‌ఫేస్ దొరకడం లేదని పేజీ ఒకటే మొర. కేబుల్ మార్చాను, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. రీస్టార్ట్ అవగానే క్రోమ్ పాత ట్యాబులన్నీ బుద్ధిగా మళ్లీ తెరిచింది. చివరికి చూస్తే, ఉదయం వాడిన అదే పేజీ పక్క ట్యాబులో బోర్డును పట్టుకుని కూర్చుంది! అది మూసేశాక రెండు సెకన్లు పట్టలేదు.

ఇంకో మాట. పాత బోర్డయితే, డ్రైవ్‌లో ఉండే ‘డీటెయిల్స్’ ఫైలు తెరిచి ఇంటర్‌ఫేస్ వెర్షన్ చూడండి. 0249 కంటే తక్కువుంటే వెబ్‌యూఎస్‌బీ పనిచేయదు, ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాల్సిందే.

ఫైర్‌ఫాక్స్ వాళ్లది వేరే వాదన. ఈ పరికరాలను తయారు చేసినప్పుడు ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లు వాటితో మాట్లాడతాయని ఎవరూ అనుకోలేదు, ఒక్క ‘ఓకే’ నొక్కించి ఆ ప్రమాదాన్ని జనానికి అర్థం చేయించలేం అంటారు. నాకిది చాదస్తంగా అనిపించేది. 2018లో వెబ్‌యూఎస్‌బీ దారిలో వెళ్లి కొన్ని సెక్యూరిటీ కీల (లాగిన్‌కి వాడే యూఎస్‌బీ తాళాల) ఫిషింగ్ రక్షణనే, అంటే నకిలీ సైట్ల మోసం నుంచి కాపాడే ఏర్పాటునే, దాటొచ్చని పరిశోధకులు చూపించాక అలా అనడం మానేశాను. క్రోమ్ తర్వాత ఆ దారి మూసింది.

మీకు కావలసింది పెన్‌డ్రైవ్‌లోని ఫైలే అయితే వెబ్‌యూఎస్‌బీ జోలికే పోవద్దు. మామూలు ఫైల్ ఎంపిక బటన్ పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లోనూ పనిచేస్తుంది.