విషాదం కాదు, నిషాదం

"మాలర్ అయిదో సింఫనీలోని అడాజియెట్టో ఎఫ్ మేజర్‌లో ఉందంటారు. మేజర్ అంటే సంతోషం కదా, మరి ఆ రికార్డింగ్ అంత విషాదంగా ఎందుకుంది? దాని వేగం ఎంత?" అని అడిగారు. అడాజియెట్టో అంటే ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ ఆ సింఫనీలో తంత్రీవాద్యాలకు, హార్పుకు మాత్రమే రాసిన నెమ్మది భాగం. మీరు విన్నది ఎవరి రికార్డింగో చెప్పలేదు. అది తెలియకుండా వేగం చెప్పడం కుదరదు, భావం చెప్పడం అసలే కుదరదు.

నేను తిరుపతిలో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. 1990లలో, ఇంకా విద్యార్థినిగా ఉన్నప్పుడు, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో ఒక పాత సామాన్ల దుకాణంలో ఈ సింఫనీ క్యాసెట్టు దొరికింది. కరాయన్ అనే కండక్టర్, అంటే వాద్యబృందాన్ని నడిపించేవాడు, బెర్లిన్ బృందంతో 1973లో చేసిన రికార్డింగ్ అది. ఇంట్లో ఉన్నది తాతయ్య టేపు రికార్డరు. తాతయ్య తిరుచానూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు డోలు వాయించి బతికిన మనిషి. ఆయనకు రాగాల పేర్లకన్నా కాలప్రమాణం, అంటే నడక వేగం, ముఖ్యం. ఎవరు పాడినా ముందు వేళ్లు కదిలేవి, తరువాతే మాట వచ్చేది.

ఆ సాయంత్రం నేను శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, టేపుతో కలిపి వాయించాలని కూర్చున్నాను. మూడు శ్రుతికి, అంటే పాశ్చాత్యుల ‘ఇ’ స్వరానికి, సరిగ్గా కలిసింది. మొదట హార్పు మీద, తంత్రుల మీద గాంధారం, పంచమం మాత్రమే వినిపిస్తాయి. ఆధారమైన షడ్జం (స) ఉండదు, కాబట్టి ఇది ఏ రాగమో చెవికి వెంటనే తెలియదు. తరువాత వయొలిన్లు ప ద ని అని ఎక్కి, నిషాదం మీదే నిలబడిపోతాయి. కింద షడ్జం వచ్చేసి ఉంటుంది, పైన మాత్రం ఇంకా నిషాదమే. ఎంతోసేపటికి గానీ షడ్జానికి చేరవు. తాతయ్య వేళ్లు మంచం పట్టె మీద లేచి, పడకుండా ఆగిపోయాయి. "శంకరాభరణమే కదమ్మా ఇది? ఎవరు పోయారు?" అని అడిగాడు.

శంకరాభరణం స్వరాలే పాశ్చాత్యుల మేజర్ స్వరాలు. కాబట్టి మీ ప్రశ్న కూడా అదే. నాకు అప్పుడు జవాబు తెలియదు.

కొన్నాళ్లకు ఒక పుస్తకంలో ఇది ఎఫ్ మేజర్ అని చదివాను. ఎఫ్ అంటే మనకు నాలుగు శ్రుతి. నా చెవి మూడు అంటోంది. పుస్తకమే తప్పని రెండు నెలలు వాదించాను. చివరికి టేపు రికార్డరు మొరాయిస్తే గాంధీ రోడ్డులో మెకానిక్‌కు ఇచ్చాం. లోపల రబ్బరు బెల్టు వదులైందని అతను కొత్తది వేశాడు. ఇంటికి తెచ్చి పెడితే శ్రుతి నాలుగుకు లేచి కూర్చుంది! టేపు దాదాపు ఆరు శాతం నెమ్మదిగా తిరిగితే శ్రుతి సరిగ్గా అర మెట్టు, అంటే నాలుగు నుంచి మూడుకు, దిగుతుంది. పన్నెండు నిమిషాలకు కాస్త తక్కువైన సంగీతం మరో నలభై సెకన్లు సాగుతుంది. అంటే నేను అన్నాళ్లు విన్నది అసలే నెమ్మదైన రికార్డింగు, దాన్ని మా బెల్టు ఇంకా సాగదీసింది. ఇప్పుడు ఫోనులో వేగం మార్చినా శ్రుతి మారదు కాబట్టి, ఈ రెండింటికీ ఉన్న ముడి నా శిష్యులకు చెప్పి నమ్మించడమే కష్టమైపోయింది.

1999లో చెన్నై నుంచి కండక్టర్ బ్రూనో వాల్టర్ 1938 నాటి వియన్నా రికార్డింగ్ సీడీ తెచ్చుకున్నాను. వాల్టర్ మాలర్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. ఆయన దీన్ని సుమారు 8 నిమిషాల్లో ముగించాడు. స్వరాలు అవే, శ్రుతి అదే. నిషాదం మాత్రం ఆగదు, షడ్జం వైపు ఆత్రంగా వాలుతుంది. తాతయ్య వేళ్లు చివరిదాకా తప్పకుండా నడిచాయి. అయ్యాక, "వాళ్ల పెళ్లిళ్లలో వాయిస్తారా దీన్ని?" అని అడిగాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు జలదరించింది. మాలర్ దీన్ని తరువాత తన భార్య అయిన ఆల్మాకు ప్రేమలేఖగా, ఉత్తరానికి బదులు పంపాడని డచ్ కండక్టర్ మెంగెల్‌బర్గ్ తన స్వరపత్రం మీద రాసుకున్నాడు. వాళ్ల పెళ్లి 1902లో జరిగింది. మెంగెల్‌బర్గ్ 1926 రికార్డింగ్ ఇంకా చురుకైనది, 7 నిమిషాలు. పాత డిస్కుల్లో ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది కాబట్టి తొందరపడ్డారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కావాలంటే మరో వైపు వాడుకునేవారు. మాలర్‌ను ఎరిగిన ఇద్దరూ ఒకే దారిలో నడిచారంటే అది ఆయన దారే.

ఇది చావు సంగీతంగా మారడం తరువాతి కథ. 1968లో అమెరికా నాయకుడు రాబర్ట్ కెనెడీ అంత్యక్రియల్లో కండక్టర్ బెర్న్‌స్టైన్ దీన్ని వాయింపజేశాడు. ఆ తరువాత నెమ్మదిగా వాయించడమే గొప్పతనమైపోయింది. 1988లో మరో కండక్టర్ హైటింక్ దాదాపు 14 నిమిషాలు తీసుకున్నాడు. నెమ్మదికి నేను వ్యతిరేకిని కాను. "ఎఫ్ మేజర్, విషాదం" అని ఒక చీటీ అంటించి పాటల జాబితాలో పడేసే యాప్‌లంటేనే నాకు కోపం. మా ఊరి పోటీల్లో దీనికి తలకిందులు జరుగుతోంది. చౌకకాలంలో, అంటే నెమ్మదిగా, పాడవలసిన అన్నమయ్య కీర్తనను పదేళ్ల పిల్లలు పరుగు పెట్టిస్తారు, పెద్దలు చప్పట్లు కొడతారు. ఆ పిల్లలకు గాంధారం మీద నిలబడే వ్యవధి ఎవరైనా ఇచ్చారా?

మీరు ఒక పని చేయండి. తంబురా నాలుగు శ్రుతికి పెట్టుకుని, ముందు వాల్టర్‌ను, వెంటనే హైటింక్‌ను వినండి. మొదటి నిషాదం ఎంతసేపు నిలిచిందో రెండుసార్లూ వేళ్ల మీద లెక్కపెట్టి, ఆ లెక్క ఇక్కడ రాయండి.