నెట్ కాలింగ్ యాప్‌కు ఓటీపీ రాకపోతే ముందు సిమ్‌ను చూడండి

ప్రొద్దుటూరులో ఉంటున్న మీ అమ్మగారి ఫోనులో, కువైట్‌లో పనిచేస్తున్న మీ తమ్ముడితో మాట్లాడేందుకు నెట్ కాలింగ్ యాప్ వేశారనీ, నంబరు కొట్టినా ఓటీపీ రావడం లేదనీ, చాలాసార్లు నొక్కిన తర్వాత ఇప్పుడు కొన్ని గంటలు ఆగమని చూపుతోందనీ, యాప్ తీసేసి మళ్లీ వేసినా ఫలితం లేదనీ రాశారు. కడపలో రీచార్జ్, సెల్ రిపేరు దుకాణం నడుపుతున్నందువల్ల ఈ ఇబ్బందితో వచ్చేవారిని తరచూ చూస్తుంటాను. వారిలో ఎక్కువ మంది కొడుకో, కూతురో, భర్తో గల్ఫ్‌లో ఉన్న ఇంటివారే. వారికి ఆ వీడియో కాల్ ఎంత అవసరమో తెలుసు కనుక కొంత వివరంగానే రాస్తున్నాను.

ముందుగా, యాప్ చూపిస్తున్న ఆ గడువు పూర్తయ్యేదాకా మళ్లీ కోడ్ అడగకండి. ఎన్నిసార్లు కోడ్ అడిగామన్న లెక్క మన ఫోనులో కాక, ఆ సేవను నడిపే సంస్థ సర్వరులో, మన నంబరు మీద నమోదై ఉంటుంది. అందువల్ల యాప్ తీసేసి మళ్లీ వేసినా ఆ లెక్క చెరిగిపోదు. పైగా తొందరపడి నొక్కిన కొద్దీ ఆగవలసిన సమయం పెరుగుతుంది. ఆలస్యంగా రెండు మూడు ఓటీపీలు ఒకేసారి వచ్చిపడితే, చివరగా అడిగినదానికి వచ్చిన కోడ్‌నే కొట్టాలి. కొత్తది అడగగానే పాతది సాధారణంగా చెల్లకుండా పోతుంది.

ఈ ఆగిన సమయంలో చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఇంకొక ఫోను నుంచి అమ్మగారి నంబరుకు మామూలు ఎస్సెమ్మెస్ ఒకటి పంపండి. వాట్సాప్‌లో కాదు, ఫోనుతో వచ్చే మెసేజుల పెట్టెలోంచే పంపాలి. అది చేరకపోతే లోపం యాప్‌లో లేదు, సిమ్ దగ్గరే ఉంది. నా అనుభవంలో సగానికి పైగా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇంట్లో వైఫై ఉన్నవారికి ఇది మరీ ఎక్కువ. ఫోనులో వీడియోలు ఆడుతుంటాయి, యూట్యూబ్ వస్తుంటుంది, కాబట్టి ఫోను బాగానే ఉందని అందరూ అనుకుంటారు. సిమ్ రీచార్జ్ గడువు ఎప్పుడో ముగిసిందని ఎవరూ గమనించరు. గడువు ముగిసిన సిమ్‌కు మొదట మనం చేసే కాల్స్ ఆగుతాయి, కొన్నాళ్లకు వచ్చేవి కూడా ఆగిపోతాయి. ఓటీపీ వైఫై మీద రాదు, సిమ్ మీదే వస్తుంది. నెట్ ఉంది కదా, సిమ్‌కు రీచార్జ్ ఎందుకని పిల్లలు వాదించడం నేను విన్నాను. ఆ వాదన సరికాదు, ఎందుకంటే ఖాతా తాళం ఆ నంబరు చేతిలోనే ఉంటుంది. డేటా అవసరం లేని పెద్దవారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లను తప్పక ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. వైఫై ఉన్న ఇంట్లో అమ్మగారి సిమ్‌కు అటువంటి ప్లాన్ ఒకటి సరిపోతుంది. దుకాణంలో దాన్ని పేరు పెట్టి అడగండి.

సిమ్ ఈమధ్యే పోయి, అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకున్నారా? అయితే అది పనిచేయడం మొదలైన తర్వాత ఒక రోజు ఆగాలి. సిమ్ మార్చిన నంబరుకు 24 గంటలపాటు ఎస్సెమ్మెస్ సౌకర్యాన్ని నిలిపి ఉంచాలని టెలికాం శాఖ 2022 నవంబరులో ఆదేశించింది. మన నంబరు మీద ఎవరైనా దొంగతనంగా సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు రాబట్టుకోకుండా పెట్టిన జాగ్రత్త అది. కాల్స్ వస్తూ ఓటీపీ మాత్రం రాకపోవడంతో జనం కంగారు పడతారు, కానీ అక్కడ చెడిపోయినదేమీ లేదు.

పంపిన ఎస్సెమ్మెస్ చేరి, ఓటీపీ మాత్రమే రాకపోతే మెసేజుల పెట్టెలోనే స్పామ్ అన్న అర తెరిచి చూడండి. అపరిచిత నంబర్లను వడకట్టే యాప్‌లు ఉన్న ఫోన్లలో ఓటీపీ అక్కడికి వెళ్లి కూర్చోవడం సాధారణమే. రెండు సిమ్‌లున్న ఫోనైతే యాప్‌లో కొట్టిన నంబరు ఏ సిమ్‌దో, ఆ సిమ్‌కు ఆ సమయంలో సిగ్నల్ ఉందో లేదో కూడా చూడాలి. ఎస్సెమ్మెస్ బదులు ఫోను చేసి కోడ్ చదివి వినిపించే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంటుంది. గడువు ముగిశాక అది కనబడుతుంది. అంకెలు ఇంగ్లీషులో వేగంగా చదవవచ్చు కనుక పక్కన కాగితం, కలం పట్టుకుని ఒకరు కూర్చుంటే మంచిది.

నంబరు కొట్టే పద్ధతి గురించి. దేశం భారత్ అని ఎంచుకుంటే +91 దానంతట అదే వస్తుంది, ఆ తర్వాత పది అంకెలే కొట్టాలి, ముందు సున్నా ఉండకూడదు. మీ తమ్ముడి నంబరును అమ్మగారి ఫోనులో దాచుకునేటప్పుడు +965 పెట్టి ఆ తర్వాత ఎనిమిది అంకెలు ఉండేలా చూడండి. కోడ్ లేకుండా ఎనిమిది అంకెలే దాచుకుంటే, రిజిస్ట్రేషన్ సజావుగా పూర్తయిన తర్వాత కూడా యాప్‌లో తమ్ముడి పేరు కనిపించదు, అప్పుడు రిజిస్ట్రేషన్ మళ్లీ చెడిందని అనుకుంటారు.

ఓటీపీ దాకా వెళ్లకుండా ముందే ఆగిపోయే ఫోన్లు వేరు. వాటిలో తేదీ, సమయం తప్పుగా ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి మళ్లీ వెలిగిన పాత ఫోన్లలో ఇది చూస్తుంటాం. సర్వరు చూపే భద్రతా ధ్రువపత్రం చెల్లుబాటు తేదీలను ఫోను తన గడియారంతో పోల్చి చూసుకుంటుంది కాబట్టి, గడియారం తప్పితే సర్వరుతో కనెక్షనే కుదరదు. సెట్టింగ్స్‌లో సమయాన్ని ఆటోమేటిక్‌గా ఉంచండి, వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో మళ్లించే యాప్) ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ నడవదు. జియోఫోన్‌లో ఉండే కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా వాట్సాప్ మద్దతు 2025 ఆరంభంలో ఆగిపోయింది, కాబట్టి ఆ ఫోను మీద సమయం వెచ్చించకండి.

కోడ్ కొట్టాక, మీరు ఎన్నడూ పెట్టని ఆరంకెల పిన్ అడుగుతోందంటే, ఆ నంబరు మునుపు వేరొకరిది అయి ఉండవచ్చు. వాడకుండా వదిలేసిన నంబర్లను కంపెనీలు కొంతకాలానికి కొత్తవారికి ఇస్తాయి; పాత యజమాని పెట్టిన రెండంచెల పిన్ అలాగే మిగిలిపోతుంది. వాట్సాప్‌లో అయితే ఏడు రోజులు ఆగితే ఆ పిన్ లేకుండానే ముందుకు సాగవచ్చు. ఆ ఏడు రోజులు ఓపిక పట్టడమే దారి. డబ్బిస్తే ఈ రోజే తెరిపిస్తామనే వారిని నమ్మకండి.

ఈ విషయంలో గట్టిగా చెప్పవలసినది ఒకటుంది. ఓటీపీ రాక విసిగిపోయినవారే మోసగాళ్లకు సులభంగా దొరుకుతారు. కస్టమర్ కేర్ అంటూ నెట్‌లో కనబడిన నంబరుకు ఫోను చేస్తే, అవతలివారు నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఒక కోడ్ డయల్ చేయిస్తారు. దానితో మన కాల్స్ వారి ఫోనుకు మళ్లుతాయి, ఆపై చదివి వినిపించే కోడ్ వారికే వినబడుతుంది, ఖాతా వారి చేతికి పోతుంది. ఈ మోసాల వల్లనే 2024 ఏప్రిల్ 15 నుంచి అలా డయల్ చేసి కాల్స్ మళ్లించే పద్ధతిని నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా ఎవరు చెప్పినా అటువంటి కోడ్‌లు కొట్టవద్దని అమ్మగారికి విడమరచి చెప్పండి. మా వంటి దుకాణాలవారికి కూడా ఓటీపీ చెప్పనవసరం లేదు. ఫోను మీ చేతిలోనే ఉంచుకుని మీరే కొట్టండి. ఖాతా చేజారిందనీ, బంధువులను డబ్బు అడుగుతున్నారనీ తెలిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

మీ తమ్ముడి వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. అతను కువైట్ నంబరుతో ఖాతా తెరిచి ఉంటే, సెలవుపై ఇంటికి వచ్చి ఇక్కడ కొత్త ఫోను కొన్నప్పుడు ఓటీపీ ఆ కువైట్ సిమ్‌కే వెళ్తుంది. రోమింగ్ లేకపోతే అది ఇక్కడ అందదు. అందువల్ల కొత్త ఫోనుకు మారేది ఉంటే అక్కడే మార్చుకుని బయలుదేరాలి. పని ముగించుకుని శాశ్వతంగా తిరిగి వచ్చేవారు, ఆ సిమ్ ఇంకా పనిచేస్తుండగానే, సెట్టింగ్స్‌లో నంబరు మార్చే సౌకర్యంతో ఖాతాను ఇక్కడి నంబరుకు తెచ్చుకోవాలి. ఇక్కడి నంబరుతోనే ఖాతా నడుపుతూ సిమ్‌ను కడపలో వదిలి వెళ్లేవారికి ముందు ముందు ఇబ్బంది రావచ్చు. ఏ సిమ్‌తో ఖాతా తెరిచారో అది ఫోనులో ఉంటేనే మెసేజింగ్ యాప్‌లు పనిచేయాలని 2025 నవంబరు చివర టెలికాం శాఖ ఆదేశమిచ్చింది.

అతను రేపు దుబాయ్‌కి మారితే రిజిస్ట్రేషన్ అంతా సరిగ్గా ఉన్నా వాట్సాప్‌లో కాల్ కలవకపోవచ్చు. యూఏఈలో ఆ కాల్స్‌పై ఆంక్షలున్నాయి; మెసేజులు మాత్రం వెళ్తాయి. అక్కడివారు అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లు వాడుతున్నారు కనుక, అప్పుడు అమ్మగారి ఫోనులోనూ అదే వేయవలసి ఉంటుంది. సౌదీలో ఇటువంటి నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తివేశారు.

రిజిస్ట్రేషన్ పూర్తికాగానే రెండంచెల పిన్ పెట్టి, మీ ఈమెయిల్‌ను దానికి జతచేసి, ఆ పిన్‌ను ఇంట్లో నమ్మకమైన చోట రాసి ఉంచండి. ఇవన్నీ చూసినా కదలకపోతే, అమ్మగారి ఫోను మోడల్, ఎస్సెమ్మెస్ పరీక్షలో ఏమైందో, తెర మీద కనిపిస్తున్న వాక్యం ఉన్నదున్నట్టుగా ఇక్కడ రాయండి. నంబరును మాత్రం రాయకండి.