కారు గుద్దాక "నాకేం కాలేదు" అని చెప్పేశాను, ఇప్పుడేం చేయాలి?

నిన్న సాయంత్రం మలుపులో కారు తగిలి సైకిల్ మీంచి పడ్డానని, మోచెయ్యి గీరుకుపోవడం తప్ప దెబ్బలేమీ లేవని, కారాయన దిగి అడిగితే "నాకేం కాలేదు" అని చెప్పి పంపించేశానని రాశారు. ఇంకా ఏమైనా చేయాలా అని మీ ప్రశ్న. చేయాలండీ. ఒక్క రోజే గడిచింది కాబట్టి చాలావరకు ఇప్పుడైనా చేయొచ్చు.

నేనూ అలాగే పంపించేశాను. ఆగి ఉన్న కారు పక్కనుంచి వెళ్తుంటే డ్రైవర్ వెనక్కి చూడకుండా తలుపు తీశాడు. ఎడమ చెయ్యి నేలకి ఆనించి పడ్డాను. ఆయన కంగారు చూసి నేనే ధైర్యం చెప్పాను. సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి కూడా వచ్చేశాను. రాత్రి ఆ చేత్తో నీళ్ల గ్లాసు ఎత్తబోతే బొటనవేలి మొదట్లో కలుక్కుమంది. అప్పటికి నా దగ్గర ఆయన ఫోన్ నంబరూ లేదు, కారు నంబరూ లేదు.

పడిన వెంటనే ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, నొప్పి తెలియదు. ఆ పది నిమిషాల్లో మన ఒంటి గురించి మనం చెప్పే మాటని నమ్మడానికి లేదు.

నా చేతికి తీసిన మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. డాక్టర్ బొటనవేలు బాగా చాపమని, దాని మొదట్లో మణికట్టు పక్కన పడే చిన్న గుంటలో నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. అక్కడుండేది స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక. చెయ్యి ఆనించి పడ్డప్పుడు విరిగే ఎముకల్లో అదొకటి, విరిగినా మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. పట్టించుకోకపోతే అతుక్కోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే దానికి రక్తం అందే దారి సన్నం. కట్టు వేసి పంపించారు. రెండు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత కనపడింది. మీరూ చెయ్యి ఆనించి పడి ఉంటే ఆ గుంటలో నొక్కి చూసుకోండి. నొప్పి ఉంటే రేపటిదాకా ఆగకండి.

తలకి తగిలిందేమో కూడా చూసుకోండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులైనా, మగతగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవి మర్నాడు కూడా బయటపడొచ్చు, అందుకే ఒకటి రెండు రోజులు ఒంటరిగా ఉండకండి. హెల్మెట్ నేలకి కొట్టుకుని ఉంటే ఇక దాన్ని పెట్టుకోవద్దు. లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్లీ కాపాడదు, పైకి ఎంత బాగున్నా సరే. అలాగని పారేయకండి. చిరిగిన చొక్కాతో పాటు అలాగే దాచండి, అవి సాక్ష్యం.

ఈరోజే ఆ మలుపు దగ్గరికి వెళ్లి చుట్టుపక్కల కెమెరాలేమైనా ఉన్నాయేమో కనుక్కోండి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది, ఆలస్యమైతే దొరకదు. మీ ఫోన్‌లో రైడ్ రికార్డయి ఉంటే డిలీట్ చేయకండి. జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాసి పెట్టుకుని, పోలీసులకి చెప్పి రిపోర్ట్ రాయించండి. దెబ్బ చిన్నదైనా సరే, రేపు ఇన్సూరెన్స్ దగ్గర ఆ కాగితమే అడుగుతారు.

సైకిల్‌ని ఫోటోలు తీయకముందే రిపేర్‌కి ఇవ్వకండి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద పెయింట్ ముడతలు పడినట్టుంటే ఫ్రేమ్ వంగిందన్న అనుమానం పెట్టుకోవాలి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్క్ కార్బన్‌ది అయితే పగులు కంటికి కనపడకపోవచ్చు, తెలిసిన మెకానిక్ చూసేదాకా ఎక్కొద్దు.

ఆ కారాయన దొరికి, కాస్త డబ్బిచ్చి "ఇక ఏమీ అడగను" అని సంతకం పెట్టమంటే పెట్టకండి. చికిత్స ఎంతవరకు వెళ్తుందో ఇంకా మీకే తెలియదు. ఆయన మంచివాడే కావచ్చు, నన్ను గుద్దినాయనా మంచివాడే. అప్పుడు నేను ఆయనతో "డాక్టర్‌కి చూపించుకుని చెప్తాను, మీ నంబర్ ఇవ్వండి" అని ఉంటే ఆయన కాదనేవాడు కాదు.