ఎడారి ఊళ్లో ఎకరాలతో ఇల్లు కొంటున్నారా? ముందు బోరు సంగతి చూడండి

ఈసారి గుంటూరు వచ్చినప్పట్నుంచి బ్రాడీపేటలో మా ఇంటికొచ్చే పెద్దవాళ్లు అడిగేది ఒకటే. "అబ్బాయి అమెరికాలో, ఆరిజోనా ఎడారిలో ఇల్లూ నలభై ఎకరాలూ కలిపి కొంటానంటున్నాడు. ఫీనిక్స్‌లో ఇంటికంటే తక్కువకే వస్తోందట. ఇక్కడి స్థలం అమ్మి పంపమంటావా?" ఎన్నారై అయ్యాక మన దేశంలో పొలం కొనే వీల్లేదు, వారసత్వంగా రావాల్సిందే. అందుకే అక్కడైనా నాలుగెకరాలు ఉండాలన్న ఆ పిల్లల ఆశ నాకు బాగా అర్థమవుతుంది. వద్దని చెప్పను. కానీ ఆ నేలని మన డెల్టా లెక్కల్తో కొలిస్తే మాత్రం నష్టపోతారు.

తెనాలి వైపు వాళ్లకి ఎకరం అనగానే పక్కన కాలవ కూడా కళ్లముందు మెదులుతుంది. బ్యారేజీ నుంచి నీళ్లు వదులుతారన్న భరోసా పుట్టుకతోనే వచ్చేసింది. ఎడారిలో ఆ భరోసా లేదు. ఇలాంటి బేరానికి వినుకొండ వైపు బోరు మీద బతికిన రైతుని వెంటబెట్టుకెళ్తే, ఇల్లు చూడకముందే మూడు ప్రశ్నలు వేస్తాడు: బోరు ఎంత లోతు, నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, పక్కవాడి బోరు ఎంత లోతు? మీరూ అవే అడగాలి.

ఆరిజోనాలో భూగర్భజలాల చట్టం 1980లో వచ్చింది గానీ, అది ముందు కాపాడింది ఫీనిక్స్, టూసాన్ లాంటి చోట్లనే. పల్లెల్లో తోడుకున్నవాడికి తోడుకున్నంత. కొచీస్ కౌంటీలో విల్‌కాక్స్ చుట్టుపక్కల పెద్ద డెయిరీలు, పిస్తా, పీకాన్ తోటలు లోతైన బోర్లు వేసి తోడేకొద్దీ చిన్న ఇళ్ల బోర్లు ఎండిపోయాయి. ఆ ప్రాంతాన్ని నియంత్రణ కిందకి తేవాలని రాష్ట్రం నిర్ణయించింది 2024 డిసెంబరులో. ఇంటి అవసరానికి నిమిషానికి 35 గ్యాలన్ల (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు) లోపు తోడే బోరుకి ఇప్పటికీ పెద్ద ఆంక్షలు లేవు. కానీ వేసుకోవచ్చని చట్టం ఒప్పుకున్నంత మాత్రాన నీళ్లు పడతాయని కాదు.

ప్రతి బోరుకీ రాష్ట్ర జలవనరుల శాఖ ఇచ్చిన 55తో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాంతో బోరు ఎప్పుడు వేశారు, ఎంత లోతు, అప్పట్లో నీటిమట్టం ఎంత అన్నది ఆన్‌లైన్‌లో చూడొచ్చు. చుట్టుపక్కల బోర్లవీ చూడండి. పాతవాటికంటే కొత్తవి బాగా లోతుకి పోతుంటే మీకు అంతకుమించి సాక్ష్యం అక్కర్లేదు. ఇల్లు చూపించేటప్పుడు కుళాయి తిప్పి ధార చూపిస్తారు, దాన్ని నమ్మొద్దు. వెనకాల రెండు మూడు వేల గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది. బోరు రోజంతా కొంచెం కొంచెంగా దాన్ని నింపినా కుళాయి మాత్రం జోరుగానే వస్తుంది. బోరుని కనీసం నాలుగు గంటలు ఆపకుండా తోడించి, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు వచ్చాయి, మట్టం ఎంత దిగింది, ఆపాక ఎంతసేపటికి లేచింది రాయించుకోండి. నీళ్లని ల్యాబుకి పంపి ఆర్సెనిక్, ఫ్లోరైడ్ చూపించండి. సొంత బోరు నీళ్లు ఎలా ఉన్నాయో ఏ ప్రభుత్వమూ చూడదు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో ప్రకాశం జిల్లా వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

"బోరు లేకపోతేనేం, ట్యాంకర్ తెప్పించుకుందాం" అంటారు కొందరు. స్కాట్స్‌డేల్ పక్కనున్న రియో వెర్డే ఫుట్‌హిల్స్‌లో చాలా ఇళ్లు అలాగే బతికాయి. 2023 జనవరి 1న స్కాట్స్‌డేల్ నగరం తమ నీళ్లు అక్కడికి తోలడం ఆపేసింది. ఆ ఇళ్లవాళ్లు పడిన అవస్థ దేశమంతా చూసింది.

తర్వాత దారి. మ్యాపులో గీత కనిపించినంత మాత్రాన దారి హక్కు ఉన్నట్టు కాదు. అది రిజిస్టరైందా, వర్షానికి కోసుకుపోతే ఎవరు బాగుచేయాలి, భూమి హక్కులు పరిశీలించి హామీ ఇచ్చే టైటిల్ కంపెనీ కాగితాల్లో చూడండి. మనం ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసినంత శ్రద్ధగా ఆ హామీ కిందకి రానివేవో చెబుతూ వాళ్లిచ్చే మినహాయింపుల జాబితా చదవాలి. ఉదాహరణకి, 1916 నాటి చట్టం కింద పశుపోషణకి పంచిన భూముల్లో పైన నేల మీదైనా, కింద ఖనిజాలు ఇప్పటికీ అమెరికా కేంద్ర ప్రభుత్వానివే.

ఎండిన వాగు దాటి వెళ్లే ఇల్లయితే బండి దిగి వాగులో నడవండి. అక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే. దాని కొమ్మల్లో నడుమెత్తున ఎండుగడ్డీ ప్లాస్టిక్ ముక్కలూ చిక్కుకుని ఉంటే, జూలై, ఆగస్టు వానల్లో నీళ్లు అంతెత్తున పారాయని అర్థం. మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని ఇవ్వదు. ప్రభుత్వ వరద బీమా కట్టినా మామూలుగా 30 రోజుల తర్వాతే వర్తిస్తుంది.

ఇక డబ్బు. గుంటూరు నుంచి అమ్మానాన్నలు ఒక్కొక్కరూ ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో అది సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బహుమతిగా అందుకున్న అబ్బాయి అమెరికా పన్ను శాఖకి ఆ సంగతి తెలిపే ఫారం 3520 వేయాలి. పన్నేమీ పడదు, కానీ వేయకపోతే జరిమానా భారీగా ఉంటుంది. గ్రీన్‌కార్డు లేనివాళ్లు పదెకరాలు మించి సాగుభూమో మేతభూమో కొంటే 90 రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖకి తెలియజేయాలి. ఇది చాలామంది ఏజెంట్లకే తెలియదు. జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు.

పెద్దవాళ్లని ఆర్నెల్లు తెచ్చిపెట్టుకునే ఆలోచన ఉంటే ఇంకొకటి. విల్‌కాక్స్ నుంచి టూసాన్ దాదాపు 80 మైళ్లు, పెద్ద వైద్యం కావాలంటే అక్కడికే పోవాలి. అక్కడి దుమ్ములో ఉండే ఫంగస్ వల్ల వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, షుగరున్న పెద్దవాళ్లకి అది ముదిరే ప్రమాదం ఎక్కువ. కొనేముందు అదే ఊళ్లో ఒక జూలై నెల అద్దెకుండి చూడండి. కుదిరితే నాన్నగారిని కూడా అప్పుడే రమ్మనండి, బోరు తోడించే రోజున ఆయన పక్కనుంటే మంచిది.