కంటి డాక్టరుతో: శుక్లం మూడు వారాల్లో 2 నుంచి 4కు పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మకు 66 ఏళ్లు. కుడి కంట్లో శుక్లం ఉంది. మా ఊళ్లో చూపిస్తే చీటీ మీద ‘ఎన్‌ఎస్ 2 ప్లస్’ అని రాశారు. మూడు వారాలకు సిటీలో ఇంకో ఆసుపత్రికి వెళ్తే ‘ఎన్‌ఓ 4, ఎన్‌సి 4, పి 1’ అని రాసి, ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంత తొందరగా పెరుగుతుందా? పైగా అమ్మ ఈమధ్య అద్దాలు లేకుండానే పేపరు చదువుతోంది. చుక్కల మందుతో శుక్లం తగ్గిపోతోందని ఆవిడ నమ్మకం. ఎవరి మాట నమ్మమంటారు?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఇద్దరి మాటా నమ్మొచ్చమ్మా. పెరిగింది శుక్లం కాదు, మారింది కొలబద్ద. ఒకే పొలాన్ని ఒకరు సెంట్లలో, ఇంకొకరు గజాల్లో చెప్పినట్టు. కాకపోతే సెంటుకు 48.4 గజాలన్నట్టు ఇక్కడ కచ్చితమైన మార్పిడి లెక్క లేదు, అదే చిక్కు.

మొదటి డాక్టరు రాసింది మేం రోజూ వాడే పద్ధతి. ఎన్‌ఎస్ అంటే లెన్సు నడిమి గింజ గట్టిపడడం. గడ్డం స్టాండు మీద ఆనించి, స్లిట్ ల్యాంప్‌లోంచి సన్నటి వెలుగు గీతను కంట్లోకి ఏటవాలుగా వేస్తాం. కంటి లోపలి లెన్సు అడ్డంగా కోసిన పండు ముక్కలా కనిపిస్తుంది. నడిమి గింజ లేత పసుపులో ఉంటే 1 ప్లస్, ముదురు టీ డికాక్షన్ రంగుకొస్తే 4 ప్లస్. మధ్యవి డాక్టరు కంటి అంచనా. నేను 2 అన్నదాన్ని పక్క గదిలో ఇంకొకరు 3 అనడం మామూలే.

ఆ తేడా తగ్గించడానికే 1993లో అమెరికాలో లియో చైలాక్ బృందం లాక్స్ 3 అనే పద్ధతి తెచ్చింది. అందులో అచ్చువేసిన ఫొటోలుంటాయి. గింజకు ఆరు, అంచుల నుంచి వచ్చే శుక్లానికి అయిదు, లెన్సు వెనక పొరకు పట్టే శుక్లానికి అయిదు. మీ కంటిని వాటి పక్కన పెట్టి పోల్చి అంకె వేస్తారు. మీ రెండో చీటీలోని ఎన్‌ఓ అంటే గింజ మసక, ఎన్‌సి అంటే దాని రంగు. ఈ రెండూ 6.9 దాకా వెళ్తాయి. పి అంటే వెనక పొర, అది 5.9 దాకా. కాబట్టి మీ అమ్మగారి 4ను నాలుగుకు నాలుగని చదవకండి. ఇప్పుడు లెన్సు మసకను తనే కొలిచి అంకె ఇచ్చే కెమెరాలూ వచ్చాయి. గింజ వరకు అవి బాగానే పనిచేస్తాయి.

ఆ ‘పి’ని మాత్రం చిన్నచూపు చూడొద్దు. నేను కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు ఒక టైలరు వచ్చాడు. చీకటి గదిలో బోర్డు మీద 6/9 దాకా, అంటే దాదాపు మామూలు చూపున్నవాళ్లలా చదివేశాడు. మందు వేసి కంటిపాప విప్పకుండానే ‘1 ప్లస్, మళ్లీ చూద్దాం’ అని రాసి పంపేశాను. ‘ఎండలో ఏమీ కనబడట్లేదమ్మా, సూదిలో దారం పోవట్లేదు’ అని వారానికే తిరిగొచ్చాడు. పాప విప్పి వెనక నుంచి వెలుగు పడేలా చూస్తే, ఎర్రటి వెలుగు నట్టనడుమ నల్లటి మచ్చ! ఎండకు పాప ముడుచుకుంటే చూపంతా ఆ మచ్చలోంచే పోవాలి మరి. నాకు సిగ్గేసింది. షుగరు ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడినవాళ్లలో ఈ రకం ఎక్కువ.

ఇక పేపరు సంగతి. శుక్లం తగ్గడం వల్ల కాదు, గింజ గట్టిపడడం వల్లే అలా చదవగలుగుతున్నారు. గట్టిపడ్డ గింజ వెలుగును ఎక్కువగా వంచుతుంది, కంటి పవరు మైనస్ వైపు జరుగుతుంది. దగ్గరిది బాగుపడి దూరానిది చెడుతుంది. బస్సు బోర్డు చదవమని చూడండి, తెలిసిపోతుంది. శుక్లాన్ని కరిగించే చుక్కల మందంటూ ఇంతవరకు రుజువైంది ఏదీ లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఆపరేషన్ ఎప్పుడంటే, అంకెను బట్టి కాదు, ఆవిడ పనులను బట్టి. మెట్లు దిగడం, ఎదురు లైట్లలో రోడ్డు దాటడం ఇబ్బందవుతుంటే చేయించేయండి. లేదంటే కొన్ని నెలలు ఆగొచ్చు. అయితే ‘బాగా ముదరనీ’ అనే పాత మాట మాత్రం వినొద్దు. గింజ రాయిలా అయ్యాక దాన్ని పగలగొట్టడానికి కంట్లో ఎక్కువ అల్ట్రాసౌండ్ వాడాలి, నల్లగుడ్డు వాస్తుంది. మరీ వదిలేస్తే కంటి ప్రెషరూ పెరగొచ్చు.

ఈసారి వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులతో పాటు పాత అద్దాల చీటీలు కూడా పట్టుకెళ్లండి. పవరు ఏ ఏడు ఎంత జరిగిందో వాటిలో ఉంటుంది. పాప విప్పే మందు వేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, కాబట్టి ఆవిడ్ని ఒక్కరినే పంపకండి.